ఇల్లు కొనేవారికి ప్రభుత్వం ఇచ్చే రాయితీలు - మగ్గం ఇంటికి అందేది ఎంత?

(సమాఖ్య వార్షికోత్సవ సభలో బరంపురం నుంచి వచ్చిన చేనేత సహకార సంఘం కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



మేము ఎనిమిదో తరగతి వరకే చదువుకున్నవాళ్ళము. ఆ తరవాత మగ్గం గుంటలోనే కాళ్ళు పెట్టాము. లెక్కలంటే పడుగు లెక్క, పోగుల లెక్క, సంఘంలో మజూరీ లెక్క, అంతవరకే. అంచేత ఇంటి రుణాలు, పన్ను రాయితీల మీద నాలుగు మాటలు చెప్పమని సమాఖ్య వాళ్ళు అడిగినప్పుడు మా వల్ల కాదన్నాము. ఎవరైనా ఆడిటరు గారిని పిలవండి అన్నాము. "ఆడిటరు గారు చెప్తే మనవాళ్ళు తలాడించి ఇంటికి పోతారు, మీరయితే అడుగుతారు" అన్నారు. ఒప్పుకోవడానికి ఇంకో కారణం ఉంది. ఈ విషయంలో మా సంఘం ఒక తప్పు చేసింది. ఆ తప్పు మీ ఊళ్ళలో జరక్కూడదని వచ్చాము.

ముందు మన ఇంటి సంగతి. నేతగాడికి ఇల్లంటే పడుకోడానికొక్కటే కాదు కదా. గుంట మగ్గం వెయ్యాలంటే నేల తవ్వాలి. అద్దె ఇంటాయన గదిలో గుంట తవ్వుకోమని ఎందుకు అంటాడు? అన్నా, ఖాళీ చేసినప్పుడు పూడ్చి గచ్చు చేసి ఇమ్మంటాడు. పడుగు చాపడానికి జాగా కావాలి. నూలుకి చెమ్మ తగలకూడదు. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటిన రాత్రి మా వీధుల్లో అద్దె ఇళ్ళ పెంకులు లేచిపోయాయి, మగ్గం గుంటల్లో నీళ్ళు నిండాయి. మగ్గాల మీదున్న పట్టు పడుగులు పాడయ్యాయి. సొంత ఇల్లున్నవాడు ఎలాగో ఇల్లు కప్పుకుని నెలలో మళ్ళీ మగ్గం ఎక్కాడు. అద్దె వాడు ఇంటాయన దయ కోసం చూస్తూ కూర్చున్నాడు. కొందరు ఆ ఏడాదే మగ్గం వదిలేసి సూరత్ బండెక్కారు. ఇల్లు పోతే మనకు పని కూడా పోతుంది. అందుకే ఈ మాటలు.

ఇప్పుడు మా తప్పు చెప్తాము. 2019లో మా సంఘం సభ్యుడొకరు, భార్యాభర్తలిద్దరూ వచ్చారు. ఆయన నేస్తాడు, ఆవిడ కండెలు చుడుతుంది, అచ్చు అతుకుతుంది. పక్క వీధిలో రెండు గదుల ఇల్లు అమ్మకానికి వచ్చింది. చేతిలో కొంత ఉంది, నాలుగు లక్షలు తక్కువ పడింది. "బాబూ, ఇల్లు కొంటే గవర్నమెంటు రాయితీ ఏదో ఇస్తాదంట, మాకు వస్తాదా?" అని ఆవిడే అడిగింది. మేము పెద్ద తెలిసినవాళ్ళలాగ, "అది పన్ను కట్టే ఉద్యోగస్తులకమ్మా. మీరు పన్ను కడతారా ఏటి? కట్టని వాళ్ళకు తిరిగిచ్చేదేముంటాది?" అన్నాము. వాళ్ళు నమ్మారు. సంఘం కార్యదర్శి చెప్తే నమ్మక ఏం చేస్తారు? నూటికి రూపాయిన్నర వడ్డీకి బయట నాలుగు లక్షలు తెచ్చి ఇల్లు కొన్నారు.

మేము చెప్పింది సగమే నిజం. రెండు వేరు వేరు రాయితీలను మేము ఒకటిగా కలిపేశాము. ఆ తేడా ఇప్పుడు నిదానంగా చెప్తాము, వినండి.

మొదటిది పన్ను మినహాయింపు. ఇంటి రుణం మీద కట్టే వడ్డీని, సొంతంగా కాపురముండే ఇల్లయితే ఏడాదికి 2 లక్షల వరకు, మన ఆదాయంలోంచి తీసేసి లెక్క కడతారు. ఆడిటర్లు సెక్షన్ 24 అంటారు. అసలు కింద కట్టేది, రిజిస్ట్రేషను ఖర్చులు, స్టాంపు డ్యూటీ కలిపి 1.5 లక్షల వరకు 80సి కింద పోతుంది. అందులోనే ఎల్.ఐ.సి., పి.ఎఫ్. కూడా ఇరకాలి. కొత్తగా తెచ్చిన ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు, అందులో ఈ సెక్షన్ల నంబర్లు మారాయి. అందుకని నంబరు కంఠతా పట్టొద్దు, సంగతి పట్టుకోండి.

ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, తీసేసేది ఆదాయంలోంచి, పన్నులోంచి కాదు. 2 లక్షల వడ్డీ చూపించినవాడు 30 శాతం పన్ను కట్టే పెద్ద జీతగాడయితే అతనికి సెస్సుతో కలిపి 62,400 రూపాయలు మిగులుతుంది. 20 శాతం వాడికి 41,600 మిగులుతుంది. అసలు పన్నే లేని మన నేతగాడు అదే 2 లక్షలు వడ్డీ కట్టినా మిగిలేది సున్నా. ఎంత ఎక్కువ సంపాదిస్తే అంత ఎక్కువ రాయితీ అన్నమాట. మేము ఆవిడకు చెప్పింది ఈ ఒక్క సంగతి వరకూ నిజమే.

మా సంఘంలో ఒక పెద్దాయన మనవడు అమెరికాలో ఉంటాడు. అక్కడ దీన్ని ఇంకోలాగ చేశారని చెప్పాడు. 2008లో ఇళ్ళ ధరలు పడిపోయినప్పుడు అక్కడి ప్రభుత్వం మొదటిసారి ఇల్లు కొనేవారికి 7,500 డాలర్ల వరకు పన్ను క్రెడిట్ ఇచ్చింది. క్రెడిట్ అంటే కట్టవలసిన పన్నులోంచే నేరుగా కోత. పన్ను అంత లేకపోతే మిగిలింది చేతికే ఇస్తారు. వినడానికి బాగుంది కదా? కాని 2008లో తీసుకున్నవాళ్ళు దాన్ని ఏడాదికి 500 చొప్పున 15 ఏళ్ళు తిరిగి కట్టవలసి వచ్చింది. మరుసటి ఏడాది 8,000 చేశారు, ఆ ఇంట్లో మూడేళ్ళు ఉంటే తిరిగి కట్టక్కర్లేదన్నారు. ఏ దేశమైనా రాయితీ అన్నప్పుడు మూడు ప్రశ్నలు వెయ్యాలి: పన్ను లేనివాడికి వస్తాదా, తిరిగి కట్టాలా, ఎన్నాళ్ళు ఆ ఇంట్లో ఉండాలి. ఈ మూడు మేము 2019లో అడిగి ఉంటే ఇవాళ ఇక్కడ నిలబడి తప్పు ఒప్పుకునే పని ఉండేది కాదు.

రెండోది వడ్డీ రాయితీ. దీనికి పన్నుతో సంబంధం లేదు. 2015లో మొదలైన ప్రధాన మంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకంలో, ఏడాదికి 6 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబం బ్యాంకు రుణంతో ఇల్లు కొంటే, 6 లక్షల రుణం వరకు 6.5 శాతం వడ్డీని ప్రభుత్వం భరించింది. 20 ఏళ్ళ వడ్డీని లెక్కగట్టి ముందుగానే రుణం ఖాతాలో జమ చేసేవారు. ఎక్కువలో ఎక్కువ 2 లక్షల 67 వేలు. ఆవిడ అడిగింది దీని గురించే. పన్ను కట్టనివాళ్ళకు, చిన్న ఆదాయం వాళ్ళకే ఇది పెట్టారు.

వాళ్ళ నాలుగు లక్షలకు లెక్క కట్టి చూశాము. రాయితీగా సుమారు 1 లక్షా 78 వేలు జమ అయ్యేది. మిగిలిన 2 లక్షల 22 వేలకు 9 శాతం వడ్డీతో 20 ఏళ్ళ కిస్తీ నెలకు సుమారు 2,000 రూపాయలు, అసలూ వడ్డీ కలిపి. వాళ్ళు బయట వడ్డీయే నెలకు 6,000 కట్టారు, అసలు కదలకుండా. పెద్దపిల్ల చదువు మానిపించి మగ్గం మీద కూర్చోబెట్టారు. ఆ పథకంలో ఈ ఆదాయం వాళ్ళకు గడువు 2022 మార్చి 31తో అయిపోయింది. మాకు అసలు సంగతి తెలిసింది ఆ ఎండాకాలంలో, ఒక బ్యాంకు మేనేజరు సంఘానికొచ్చి మాట్లాడినప్పుడు. గడువు దాటిపోయాక. ఇంటికెళ్ళి ఆ దంపతులకు చెప్పాము. ఆయన ఏమీ అనలేదు. ఆవిడ "మాకు పోయింది పోయింది, మిగతా వాళ్ళకైనా సరిగ్గా చెప్పండి" అంది. ఆ మాట మీదే ఇక్కడికి వచ్చాము.

ఇప్పుడేముంది? 2024 సెప్టెంబరు 1 నుంచి అదే పథకం రెండో విడత అయిదేళ్ళకు మొదలయింది. అందులోనూ వడ్డీ రాయితీ ఉంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 9 లక్షల లోపు ఉండాలి. ఇంటి విలువ 35 లక్షలు, రుణం 25 లక్షలు దాటకూడదు. మొదటి 8 లక్షల రుణం మీద 4 శాతం, 12 ఏళ్ళ కాలానికి లెక్క. ఎక్కువలో ఎక్కువ 1 లక్షా 80 వేలు, అయిదు వార్షిక వాయిదాల్లో రుణం ఖాతాకు చేరుతుంది. ఒక మెలిక ఉంది, గుర్తు పెట్టుకోండి: వాయిదా పడే నాటికి రుణం నడుస్తూ ఉండాలి, అసలులో సగానికి పైగా ఇంకా బాకీ ఉండాలి. చీటీ పాట వచ్చిందనో, పెళ్ళి డబ్బు మిగిలిందనో తొందరపడి సగం పైన కట్టేస్తే మిగతా వాయిదాలు రావు.

ఇంకొక షరతు, కుటుంబంలో ఎవరి పేరునా దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు. కుటుంబమంటే భర్త, భార్య, పెళ్ళికాని పిల్లలు. మనం పొట్ట చేతబట్టుకుని తరాల కిందట ఒడిశాకు, మహారాష్ట్రకు, తమిళనాడుకు వచ్చినవాళ్ళము. కొందరికి తాతగారి ఊళ్ళో, సిరిసిల్ల వైపో, శ్రీకాకుళం వైపో, ఇంటి వాటా ఇంకా పేరు మీద ఉంది. ఏళ్ళ తరబడి చూడకపోయినా కాగితంలో పేరుంటే బ్యాంకు దగ్గర అది బయటపడుతుంది. దాచిపెట్టి సంతకం చెయ్యొద్దు. ముందే ఆ లెక్క తేల్చుకోండి. మేము చెప్పిన ఆ దంపతులకు రెండో విడత కూడా రాలేదు. కారణం, వడ్డీకి తెచ్చి కొన్న ఆ ఇల్లే వాళ్ళకు పక్కా ఇల్లయింది.

ఇంటి పత్రంలో ఆడవాళ్ళ పేరు ఉండాలన్నది మూడో షరతు. ఒక్కరి పేరునైనా, భర్తతో కలిపి జంట పేర్లయినా సరే. మొదటి విడతలో ఈ షరతు వినగానే మా వీధిలో ఇద్దరు ముగ్గురు దరఖాస్తే పెట్టలేదు. "ఇల్లు ఆడదాని పేరున ఏటి?" అన్నారు. అన్నయ్యలూ తమ్ముళ్ళూ, సగం పని ఆవిడది. ఆసు పోసేది, కండె చుట్టేది, పిల్లల్ని చూసేది ఆవిడ. మజూరీ పుస్తకంలో మన ఒక్కరి పేరే రాసుకున్నాము. ఇంటి పత్రంలోనయినా ఆవిడ పేరు రాస్తే మనకు పోయేదేముంది?

సోలాపూర్ నుంచి వచ్చినవాళ్ళను మేము తలవంచి మెచ్చుకోవాలి. అక్కడ మన తెలుగు ఆడవాళ్ళు ఎందరో బీడీలు చుట్టి బతుకుతారు. వాళ్ళు మాజీ శాసనసభ్యులు నర్సయ్య ఆడం మాస్టారు గారి వెంట ఏళ్ళ తరబడి పోరాడారు. 2006లో కుంభారి దగ్గర బీడీ కార్మికులకు పదివేల ఇళ్ళు వచ్చాయి. తరవాత అక్కడే రేనగర్ కట్టారు. 2024 జనవరి 19న ప్రధాన మంత్రి అందులో 15,000 ఇళ్ళు ప్రారంభించారు. చేనేత, పవర్‌లూమ్, బీడీ కార్మికులు, తోపుడుబండ్ల వాళ్ళు ఆ ఇళ్ళలో చేరారు. ఒక్కొక్కరూ బ్యాంకు గుమ్మం ముందు నిలబడితే అన్ని ఇళ్ళు వచ్చేవా? సంఘం పెట్టుకుని, చందా వేసుకుని, కాగితాలు సిద్ధం చేసుకుని కలిసి అడిగారు కనుక వచ్చాయి. సహకార సంఘాలున్న మనము అది చూసి నేర్చుకోవాలి.

ఇక ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లల సంగతి. బెంగుళూరులో, పూనాలో, చెన్నైలో జీతగాళ్ళయిన కుర్రాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళకు చెప్పేది వేరు. ఇప్పుడు పన్నుకు పాత విధానం, కొత్త విధానం అని రెండున్నాయి. మనం ఏమీ చెప్పకపోతే కొత్తదే లెక్క. కొత్తదాంట్లో కాపురముండే ఇంటి వడ్డీకి మినహాయింపు లేదు, 80సి లేదు. కాని 2025-26 నుంచి 12 లక్షల ఆదాయం దాకా పన్నే పడదు, జీతగాళ్ళకు 12 లక్షల 75 వేల దాకా. అంచేత జీతం 9 లక్షలున్న పిల్లవాడు "పన్ను మిగుల్తుంది" అని ఎవరో చెప్పిన మాట విని స్తోమతుకు మించి ఫ్లాటు కొంటే, మిగిలే పన్ను లేదు, కిస్తీ మాత్రం ఉంటుంది. ఫ్లాట్లు అమ్మేవాళ్ళు ఇది చెప్పరు. ఎక్కువ జీతమున్నవాళ్ళు రెండు విధానాలూ కాగితం మీద లెక్క కట్టి చూసుకోవాలి. జీతగాళ్ళు ఏటేటా మార్చుకోవచ్చు. వ్యాపారమున్న మాస్టర్ వీవర్లకు ఆ వీలు లేదు. ఒకసారి పాతదానికి వెళ్ళి కొత్తదానికి తిరిగి వచ్చారంటే మళ్ళీ వెనక్కి పోలేరు. వాళ్ళు ఆడిటరును అడిగాకే అడుగు వెయ్యాలి.

పాత విధానంలో ఉన్నవాళ్ళకు ఇంకో రెండు మాటలు. కొడుకు కిస్తీ కడతాడు, ఇల్లు తండ్రి పేరున ఉంటుంది. మన ఇళ్ళలో ఇదే మామూలు. అలాగయితే కొడుక్కి మినహాయింపు రాదు. ఇంటి పత్రంలోనూ పేరుండాలి, రుణంలోనూ పేరుండాలి. ఇద్దరూ రెండింట్లో ఉండి, ఇద్దరూ కడితే ఎవరి వాటాకు వారు 2 లక్షల వరకు విడివిడిగా చూపించుకోవచ్చు. రెండోది, రుణం తీసుకున్న ఆర్థిక సంవత్సరం ముగిశాక అయిదేళ్ళలో ఇల్లు పూర్తవ్వాలి. మనం స్లాబు వేసి, డబ్బు చాలక ఆపేసి, పిల్ల పెళ్ళయ్యాక చూద్దామంటాము. అలా అయిదేళ్ళు దాటితే 2 లక్షలు కాస్తా 30 వేలకు పడిపోతుంది.

ఏ రాయితీకయినా అడ్డం వచ్చేది కాగితం. మా ఊళ్ళో ఇంటి హక్కు పత్రం ఒడియాలో ఉంటుంది. మన ఇంటిపేరు ముందు రాస్తాము, ఒడిశాలో చివర రాస్తారు. తమిళనాడులో ఒక్క అక్షరం ఇనిషియల్ అవుతుంది, మహారాష్ట్రలో తండ్రి పేరు నడిమిన వస్తుంది. ఆధార్‌లో ఒకలాగ, పాన్‌లో ఒకలాగ, బ్యాంకులో ఇంకోలాగ ఉంటే ముగ్గురు మనుషులయ్యారని కంప్యూటరు అనుకుంటుంది. ఇల్లు వెతికే ముందే పేరు సరిచేసుకోండి. బయానా ఇచ్చాక పరుగెడితే బేగి అవ్వదు.

మజూరీ నగదుగా తీసుకోవద్దు, బ్యాంకులో వేయించుకోండి. నగదు మజూరీ బ్యాంకు కంటికి ఆనదు. సంఘం మజూరీ పుస్తకం, చేనేత గుర్తింపు కార్డు జాగ్రత్తగా ఉంచండి. పన్ను పడకపోయినా ఏటా రిటర్ను వేస్తే మంచిది, రుణానికి వెళ్ళినప్పుడు మొదట అడిగేది అదే. ఇల్లు కొనేటప్పుడు ఇరవై వేలు, ఆ పైన నగదుగా ఇచ్చిపుచ్చుకోవడం చట్టం ఒప్పదు. తీసుకున్నవాడికి అంత మొత్తమూ జరిమానా పడవచ్చు. ఇచ్చినవాడి దగ్గర రుజువుండదు. చెక్కు ద్వారానో, ఖాతా నుంచి ఖాతాకో పంపండి.

మా సంఘంలో ఇప్పుడొక పద్ధతి పెట్టాము. నెలలో రెండో ఆదివారం ఆఫీసు తలుపులు తీసి ఉంచుతాము. ఎవరి ఇంటి కాగితాలు వాళ్ళు తెస్తారు. ఒడియా చదివే కుర్రాళ్ళు ఇద్దరు కూర్చుని చదివి చెప్తారు. ఎవరి పేరులో తేడా ఉంది, ఎవరి పత్రం ఇంకా తాతగారి పేరునే ఉందన్నది పుస్తకంలో రాస్తాము. తెలియనిది వస్తే "తెలియదు, బ్యాంకులో కనుక్కుని చెప్తాము" అంటాము. 2019లో మా నోటికి రాని మాట అది. ఆ పుస్తకంలో మొదటి పేజీ ఆ దంపతులదే. వాళ్ళకు రాయితీ తేలేకపోయాము గాని, బయట బాకీని సహకార బ్యాంకుకు మార్పించి వడ్డీ తగ్గించాము. పెద్దపిల్ల ఇప్పుడు ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టింది.

ఇక్కడున్న ప్రతి సంఘం కార్యదర్శికి మా విన్నపం ఒకటే. మీ దగ్గరకు ఎవరైనా వచ్చి "మాకు వస్తాదా?" అని అడిగితే, రాదని చెప్పే ముందు ఒక పూట ఆగండి. కనుక్కోండి. మన ఒక్క మాటకు ఒక ఇంట్లో పదేళ్ళ మజూరీ పోవచ్చు, నిలబడవచ్చు.

చదువు తక్కువ వాళ్ళము, మాటల్లో తప్పులుంటే పెద్దలు మన్నించాలి.